కిటికీ పక్క పంపు

కణాలు పెంచే గదిలో మధ్యాహ్నం. నాలుగేళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్న పరిశోధకురాలు, ఇరవయ్యేళ్ళుగా ఈ గదిని చూసుకుంటున్న అటెండరు బాబాయ్.

“ఇంకా పంపలేదా అమ్మాయ్, ఆ పేపరు?”

“పంపుతా బాబాయ్. ఐదింటి దాకా టైముంది.”

“పొద్దుట్నుంచీ ఇదే మాట. ఆ కంప్యూటరు మీటేమన్నా కరుస్తుందా?”

“వేళ్ళు నొప్పి. వేళ్ళేంటి, ఒళ్ళంతా నొప్పే.”

“ఇంతకీ ఏం రాశావందులో? ఇన్నాళ్ళూ నీ పళ్ళాలు కడిగాను, ఒక్కనాడన్నా చెప్పావా?”

“ఈ పళ్ళాల్లో పెంచేవి రక్తనాళం లోపలి గోడకి పరుచుకుని ఉండే కణాలు. పక్కపక్క కణాల మధ్య ప్రోటీన్ తలుపులుంటాయి. ఒకదాని కబురు ఇంకోదానికి వాటిలోంచే పోతుంది. జబ్బు చేస్తే ఆ తలుపులు తగ్గిపోతాయి. మన మందు వాటిని పెంచుతుందని రాశాను.”

“పెంచిందా మరి?”

“బీరువా దగ్గరి పళ్ళెంలో మందు వేశాం. కిటికీ దగ్గరి దాంట్లో వేయలేదు. మందు వేసినదాంట్లో రెట్టింపున్నాయి.”

“మరి పళ్ళేనికొకటి చొప్పున ఈ పంపులెందుకు?”

“రక్తం పారుతుంటేనే కణాలు తలుపుల్ని నిలబెట్టుకుంటాయి. అందుకని రెండు పళ్ళాల మీదా ఆపకుండా ద్రవం పారిస్తాం. టీ తాగుదామా?”

“ఉండు. పారడం ఆగిపోతే?”

“ఆ ట్రే కడగాలి బాబాయ్.”

“కడుగుతాలే. ఆగిపోతే ఏమవుతుందీ అని.”

“తగ్గుతాయి. మందుతో పని లేకుండా వాటంతటవే తగ్గుతాయి. ఇప్పుడెందుకవన్నీ?”

“అమ్మాయ్… ఆ కిటికీ పక్క పంపు నేను ఆపేవాణ్ణి.”

“సరే లెండి.”

“సరే ఏంటి? భోజనమయ్యాక నువ్వు దాని పక్కనే బల్ల మీద తల వాల్చేదానివి. మొహం చూస్తే పీక్కుపోయి ఉండేది. అది చెవిలో డబడబమంటుంటే నిద్రెట్లా పడుతుంది? గంటో, రెండు గంటలో ఆపి, నువ్వు లేచేలోపు మళ్ళీ వేసేవాణ్ణి. బీరువా దగ్గరిది దూరం కదాని ముట్టుకోలేదు.”

“సరే అన్నాగా బాబాయ్.”

“అయితే నీ మందు ఏం చేసినట్టు? చేసిందంతా నా చెయ్యే! రేపు దాన్ని రోగులకి ఇస్తారా?”

“ఇస్తారు. ఈ పేపరు చూసుకునే ఇస్తారు.”

“పద, పెద్ద సారు దగ్గరికి. నీ కష్టమంతా మట్టిపాలు చేశానని చెప్పేస్తా. రెండు నెలల్లో రిటైరయ్యేవాణ్ణి, నన్నేం చేస్తారు?”

“కూర్చోండి.”

“కూర్చోను. పాపం పిల్లకేం తెలియదు, తప్పు నాదే అంటా. నిజమే కదా?”

“కాదు.”

“కాదేంటి?”

“పంపు ఆగినప్పుడల్లా నాకు మెలకువ వచ్చేది బాబాయ్. కళ్ళు తెరిస్తే లేచి మళ్ళీ వేయాల్సొస్తుందని, మూసుకునే పడుకునేదాన్ని.”