రిస్బెక్ ఆగాకి తూకం

తరాజ్ పట్నంలో రిస్బెక్ ఇల్లు. ఊళ్ళో అందరూ 'ఆగా', అంటే అన్న, అని పిలిచే ఈ ఒకప్పటి బాక్సింగ్ ఛాంపియన్ లోపలి గదిలో మంచం పట్టి ఉన్నాడు; భార్య ఉల్జాన్ దగ్గరుండి చూసుకుంటోంది. వాకిట్లో ఆపిల్ చెట్టు కింద బల్ల మీద అతని అభిమానులు ఇద్దరు: బస్సు డ్రైవరుగా రిటైరైన దూసెన్, బజారులో పుచ్చకాయలమ్మే మిన్‌బాయ్.

"ఎడమ చెయ్యి!"

"కుడి చెయ్యిరా దూసెన్! నా కళ్ళతో చూశాను. కుడి చెయ్యి!"

"నువ్వు చూసింది స్తంభాన్ని మిన్‌బాయ్. అల్మాటీ పోటీలో ఆ రోజు నీ సీటు స్తంభం వెనకాల. లెనిన్‌గ్రాదు వాడు పడ్డాక అందరూ లేస్తే నువ్వూ లేచావు."

"నువ్వసలు లోపలే లేవుగా! బస్సు టైరు మారుస్తూ బయట కూర్చున్నావు."

"మూడో రౌండుకి వచ్చేశాను. చేతులకి గ్రీజుతోనే వచ్చేశాను. పక్కన ఒకావిడ తెల్ల కోటేసుకుని కూర్చుంది, ఆగా కొట్టగానే ఆవిణ్ణి వాటేసుకున్నా. ఆ కోటు సంగతి ఇంక అడక్కు."

"సరే, మూడో రౌండే. ఆగా కుడి భుజం ఇలా కదిపాడు. ఇదిగో, ఇలా..."

"ఆఁ, కదిపాడు. కొట్టింది మాత్రం ఎడమతో. వాడు కుడి చెయ్యి వస్తుందని చూస్తున్నాడు, ఎడమ చెయ్యి వచ్చి దవడకి తగిలింది. ఆ రోజు వాడొక్కడే మోసపోయాడనుకున్నా. నువ్వు ఇప్పటికీ మోసపోతూనే ఉన్నావు."

"కాదురా, ఇలా తిప్పి, ఇలా..."

"చెయ్యి దించు! టీ అంతా నా ప్యాంటు మీద పోశావు."

"పోతే పోయింది. ఆ ప్యాంటుకి అదే మొదటి స్నానం. దవడంటే గుర్తొచ్చింది. మర్నాడు ఆగా ఆ లెనిన్‌గ్రాదు కుర్రాణ్ణి మా నాన్న కొట్టుకి తీసుకొచ్చాడు, జ్ఞాపకం ఉందా? 'మా ఊరి పుచ్చకాయ తినకుండా పోతే ఒప్పుకోను' అని. పాపం వాడికి నోరు తెరుచుకోదు. మా నాన్న గిన్నెలో రసం పిండి పోశాడు."

"ఆ ఏడు ఈ వీధిలో పుట్టిన మగపిల్లలందరికీ రిస్బెక్ అనే పేరు. బళ్ళో పంతులమ్మ 'రిస్బెక్' అని పిలిస్తే సగం తరగతి లేచి నిలబడేది."

"మా రెండోవాడు వాళ్ళలో ఒకడేగా."

"నీ గాడిదక్కూడా అదే పేరు పెట్టావు."

"గాడిద కాదు, గుర్రం! పందెం గెలిచిన గుర్రం!"

"ఒక్కసారి. అది కూడా ముందున్న గుర్రం దారి తప్పితే."

"నీతో ఏం వాదిస్తాంలే. లోపలికెళ్ళి ఆగానే అడుగుదాం పద. ఎడమ చెయ్యో కుడి చెయ్యో ఆయన నోటితోనే తేలిపోతుంది."

"పద."

"పద మరి."

"నువ్వు లే ముందు."

"నాకు మోకాలు. ఒకసారి కూర్చుంటే లేవనివ్వదు."

"పొద్దున్న లారీ నుంచి కాయలు దించినప్పుడు ఆ మోకాలు ఎక్కడ పెట్టి వచ్చావు?"

"నీ మోకాళ్ళు బావున్నాయిగా, నువ్వెళ్ళు."

"వెళ్ళేవాణ్ణే. నిద్రపోతున్నాడేమోనని."

"అవునవును. నిద్రపోతూ ఉంటాడు. లేపకూడదు."

"ఎవరు నిద్రపోయేది?"

"ఉల్జాన్ వదినా! మీరెప్పుడొచ్చారు? టీ బ్రహ్మాండంగా ఉంది."

"టీ సంగతి తర్వాత మిన్‌బాయ్. వారం రోజులుగా చూస్తున్నాను మీ ఇద్దర్నీ. రావడం, ఈ బల్ల ఎక్కడం, ఎడమ చెయ్యి కుడి చెయ్యి అని కొట్టుకు చావడం, కెటిల్ ఖాళీ చేసి పోవడం. లోపల మనిషి మంచం మీదున్నాడు. ఒక్కసారైనా గుమ్మం దాటారా?"

"ఆగాకి ఇబ్బందేమోనని వదినా..."

"ఆయనకి ఇబ్బందా దూసెన్, నీకా?"

"వీడికే వదినా. మొన్న గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కుని వచ్చేశాడు."

"నువ్వు చెప్పులు కూడా విడవలేదుగా!"

"విడవలేదు. ఒప్పుకుంటున్నాను. వదినా, మా ఇంట్లో గోడ మీద ఆగా ఫోటో ఉంది. మెడలో పతకం, భుజాలు ఇంతేసి. పొద్దున్న లేచి కళ్ళు తెరిస్తే ఆ భుజాలే కనిపిస్తాయి. వాటిని చూసే లారీ దగ్గరికి పోతా. ఇప్పుడు లోపలికెళ్ళి, ఆ దుప్పటి కింద... నా వల్ల కాదు."

"నేను ఆ దుప్పటి రోజూ మారుస్తున్నాను మిన్‌బాయ్."

"తప్పయిపోయింది వదినా."

"తప్పులూ ఒప్పులూ నాకెందుకు. మీతో ఒక మాట చెప్దామని వచ్చాను. ఆయన తినడం లేదు."

"ఎప్పట్నించి?"

"మొన్నట్నించి. చెంచా దగ్గరికి తీసుకెళ్తే తల గోడవైపు తిప్పేస్తున్నాడు. మందులతో పని అయిపోయిందన్నాడు డాక్టరు. తింటే మాత్రం మంచు పడేదాకా ఉంటాడట. తినకపోతే ఈ వారమే అన్నాడు."

"ఈ వారమా?"

"రాత్రి జ్వరంలో ఏమన్నాడో తెలుసా? 'ఉల్జాన్, రేపు తూకం. ఇంకో అరకిలో తగ్గాలి. ఆ గిన్నె నా దగ్గరికి తేకు' అన్నాడు."

"తూకమా? పోటీకి ముందు వేసేవాళ్ళే, ఆ తూకమా?"

"అదే. అరవై కిలోలు దాటితే బరిలోకి దిగనివ్వరుగా. ఆయన అక్కడున్నాడు, ఆ రోజుల్లో. నేను మాంసం ఉడికించిన రసం, ఆ సోర్పా గిన్నె పట్టుకెళ్తే పగవాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. రాత్రంతా వేడి చెయ్యడం, చల్లారిపోవడం, మళ్ళీ వేడి చెయ్యడం."

"అంటే ఆకలి లేక కాదన్నమాట."

"ఆకలి చంపుకుంటున్నాడు."

"దూసెన్."

"ఊఁ."

"బాక్సింగ్ క్లబ్బు బస్సు నువ్వేగా నడిపేవాడివి. తూకం అయిపోయాక ఆగా ఏం చేసేవాడు?"

"ఏం చేసేవాడేంటి, తినేవాడు! వదిన పిండి ముద్దలు నూనెలో వేయించి ఇచ్చిన బావర్సాకులు సంచిలో నా సీటు కింద ఉండేవి. తూకం మిషను దిగీ దిగగానే నా దగ్గరికి పరుగు. బస్సు హోటలు చేరేలోపు సంచి ఖాళీ. నాకు ఒక్కటంటే ఒక్కటి మిగల్చలేదు ఏనాడూ. ఎందుకడుగుతున్నావు?"

"అయితే తూకం అయిపోవాలి."

"ఏంటి?"

"మనం వేసేద్దాం తూకం. నా కొట్లో కాటా ఉందిగా!"

"పుచ్చకాయల కాటానా? ఛాంపియన్ని పుచ్చకాయల కాటా మీద నిలబెడతావా?"

"ఏం, నా కాటాకేం తక్కువ? తరాజ్ బజారు మొత్తంలో..."

"తరాజ్ బజారు మొత్తం నీ కాటా గురించి ఏమనుకుంటోందో నీకెవరూ చెప్పలేదు, మంచి మనుషులు."

"వదినా, మీరు చెప్పండి. పిచ్చి ఆలోచనంటారా?"

"పిచ్చిదే."

"మరి?"

"మీరు కాటా తెచ్చేలోపు నేను పొయ్యి మీద నూనె పెడతాను."

మధ్యాహ్నం. రిస్బెక్ గది గుమ్మం ముందు.

"మెల్లగా, మెల్లగా! గోడకి కొడుతున్నావు."

"నువ్వు నీ వైపు ఎత్తితేగా దూసెన్! ఆ టై ఏంటి?"

"పోటీలకొచ్చే జడ్జీలు టై లేకుండా ఉంటారా? మా అమ్మాయి పెళ్ళికి కొన్నది. నీ కాటాకి ఆ ఎర్ర గుజ్జేంటి, తుడువు. గింజ కూడా అంటుకుంది."

"తుడిచాను. పద."

"నువ్వు ముందు."

"మళ్ళీ మొదలెట్టకు. ఇద్దరం కాటా పట్టుకున్నాం, ఇద్దరం ఒకేసారే పోవాలి. చెప్పులు విడిచావా?"

"విడిచాను. మిన్‌బాయ్..."

"ఏంటి?"

"భుజాల వైపు చూడకు. చేతుల వైపు చూడకు. కళ్ళు చూడు. కళ్ళు మారి ఉండవు."

"సరే."

"ఎవరది?"

"మేం... పోటీల సంఘం నుంచి వచ్చాం, కామ్రేడ్ రిస్బెక్!"

"ఏ సంఘం?"

"పోటీల... తూకం శాఖ. తూకానికి టైమైంది కామ్రేడ్."

"తూకమా?"

"అవును. లెనిన్‌గ్రాదు కుర్రాడిది అయిపోయింది. మీదే మిగిలింది."

"ఉల్జాన్."

"ఇక్కడే ఉన్నాను."

"వీళ్ళు తూకం వేస్తారట."

"వెయ్యనివ్వండి. లేవగలరా?"

"లేవమంటావా?"

"నా కోసం."

"సరే. చెయ్యివ్వు. ఏమయ్యా జడ్జీ, చొక్కా విప్పాలా? అప్పట్లో అన్నీ విప్పించేవాళ్ళు."

"వద్దొద్దు! చొక్కా ఉండనివ్వండి. కొత్త రూలు."

"కొత్త రూలా?"

"ఇప్పుడు ఆడవాళ్ళు కూడా వస్తున్నారు కామ్రేడ్, తూకం చూడటానికి. మర్యాద కోసం."

"మంచి రూలే. ఎక్కడ, దీని మీదేనా? ఇందులోంచి పుచ్చకాయ వాసనొస్తోందే."

"విదేశీ కాటా కామ్రేడ్. అక్కడ సెంటు పూస్తారు. ఎక్కండి. ఈ కాలు. ఇప్పుడు ఆ కాలు. మిన్... తోటి జడ్జీగారూ, నడుం దగ్గర పట్టుకోండి."

"పట్టుకున్నాను."

"పట్టుకుంటే తూకం ఎలా చెల్లుతుందయ్యా? వదిలెయ్."

"వదలను."

"నీ చెయ్యి బరువు నా లెక్కలో పడుతుంది. వదులు."

"పడిపోతారు ఆగా!"

"ఆగానా? ఇందాకటిదాకా కామ్రేడునేగా?"

"కామ్రేడ్. కామ్రేడ్ ఆగా."

"నేను కిందపడటం ఎప్పుడైనా చూశావా నువ్వు?"

"లేదు."

"ఒక్కసారైనా?"

"ఏనాడూ లేదు."

"అయితే వదులు."

"వదిలాను. చదవండి జడ్జీగారూ, త్వరగా! ఏంటి ఆగిపోయారు?"

"కళ్ళజోడు..."

"మీ ముక్కు మీదే ఉంది."

"అద్దం మసగ్గా ఉంది."

"తుడుచుకోండి! ఆయన కాళ్ళు వణుకుతున్నాయి."

"యాభై... యాభై తొమ్మిది. ఎనిమిదొందలు."

"అలా గొణిగితే ఎలా? మా రోజుల్లో హాలంతా వినపడేలా చదివేవాళ్ళు."

"యాభై తొమ్మిది కిలోల ఎనిమిది వందల గ్రాములు! తరాజ్ పట్నం, రిస్బెక్! తూకం కుదిరింది!"

"చప్పట్లు కొట్టేదెవరు, ఉల్జానా?"

"నేనే. చేతులకి పిండి ఉంది, అందుకే చప్పుడు రావడం లేదు. రండి, కూర్చోండి. ఇటు ఒరగండి."

"కామ్రేడ్, ఇంక మీరు తినొచ్చు. తినొచ్చేంటి, రూలు ప్రకారం తినాలి."

"ఇది కూడా కొత్త రూలేనా?"

"ఇది పాతదే."

"సరే మరి. పాత రూలైతే కాదనకూడదు. ఉల్జాన్, సోర్పా ఉందా?"

"ఉందా అంటారేంటి! వేడిగా ఉంది. ఇదిగో. ఉండండి, ఊదుతాను. ఊఁ, నోరు తెరవండి."

"మిన్‌బాయ్, తాగుతున్నాడు."

"ష్. చూస్తున్నా."

"మళ్ళీ తాగాడు."

"లెక్కపెట్టకురా, దిష్టి తగుల్తుంది."

"ఏంటయ్యా గుసగుసలు? నిలబడే ఉన్నారేం, కూర్చోండి ఇద్దరూ. బావర్సాకు తినండి. అదిగో, ఆ టై కట్టుకున్నాయనకి ముందివ్వు ఉల్జాన్. ఆకలి మీదున్నట్టున్నాడు."

"మాకు... మేం వేరే చోటికి కూడా తూకానికి వెళ్ళాలి కామ్రేడ్. కాటా ఇక్కడే ఉంచి వెళ్తాం. రేపొస్తాం."

"రేపు కూడానా?"

"రోజూ. పోటీ అయ్యేదాకా రోజూ."

"మంచిది. గుమ్మం దగ్గరే ఆగిపోకుండా లోపలికి రండి."

వాకిట్లో, ఆపిల్ చెట్టు కింద.

"తిన్నాడురా దూసెన్! గిన్నెడు తాగాడు! నా కాటా వల్ల! ఇంకెప్పుడన్నా నా కాటా గురించి ఒక్క మాటన్నావంటే..."

"అనను."

"అనవా? నీకు ఒంట్లో బానే ఉందా? ఇలా కూర్చో. ఇందాక ముల్లు ఎంత చూపించింది?"

"చదివానుగా. యాభై తొమ్మిది ఎనిమిదొందలు."

"దూసెన్. నేనురా. నాకు చెప్పు."

"యాభై తొమ్మిది ఎనిమిదొందలని చదివానుగా మిన్‌బాయ్! చెవుడా నీకు?"

"సరే. సరే. యాభై తొమ్మిదే. కన్నీళ్ళు తుడుచుకో, పెళ్ళి టై పాడవుతుంది."

అదే సమయంలో, లోపలి గదిలో.

"ఉల్జాన్. ఆ తలుపు దగ్గరగా వేసి ఇటు రా."

"వేశాను. ఏం కావాలి? నీళ్ళా?"

"మెల్లగా మాట్లాడు. ఆ వచ్చినవాళ్ళు మన దూసెన్, మిన్‌బాయే కదూ?"

"అయ్యో, గుర్తుపట్టారా! ఏదీ, నుదురు చూడనివ్వండి. చల్లగా ఉంది. జ్వరం తగ్గిపోయింది!"

"తెల్లారకముందే తగ్గింది. నా సంగతి వదిలెయ్. పాపం, వాళ్ళకేమైంది? ఎప్పట్నించి ఇలా ఉన్నారు?"

"ఎలా ఉన్నారు?"

"కనపడటం లేదా నీకు? ఒకడు పుచ్చకాయల కాటా తెచ్చి విదేశీదంటాడు. ఇంకొకడు టై కట్టుకొచ్చి నన్ను కామ్రేడ్ అంటాడు. ఏ కాలంలో ఉన్నారో, ఏంటో! ఇద్దరికీ ఒకేసారి మతి చలించింది. ఎదురు చెబితే ఏమైపోతారోనని నేనూ సరే సరే అన్నాను. వాళ్ళు ఎలా చెబితే అలా చేద్దాం ఉల్జాన్. నవ్వకు."

"నవ్వడం లేదండీ."

"ఏడవకు కూడా. ముల్లు నలభై రెండు దగ్గర ఆగింది, నేనూ చూశాను. అది చదవలేక ఆ దూసెన్ గాడు ఎంత అవస్థ పడ్డాడో! రేపొచ్చేసరికి దాన్ని కాస్తయినా ముందుకి జరపకపోతే వాడు తట్టుకోలేడు. ఏదీ, ఆ గిన్నె మళ్ళీ నింపి ఇటివ్వు."