ఓబుళమ్మ ఇచ్చిన ఒక రింగు

"మే రెడ్డెమ్మా... కువైట్ పోనూ... పరిగెత్తి రా మే..." అని వీధి ఆ కొసకాడ నుంచి ఒక అరుపు. ఓబుళమ్మది ఆ అరుపు. మా రాయచోటి పక్క పల్లెల్లో ఆడోళ్ళు ఇంటిపనికని కువైట్ పోయేది మీకు తెలిసిందే గదా. అప్పట్లో ఊరంతటికీ పోను ఒకటే, అది ఓబుళమ్మ ఇంట్లో. మొగుడు సోడాల అంగడి పెట్టుకోని ఉన్నప్పుడు పెట్టించినాడు. ఆయప్ప పోయినాడు, పోను మిగిలింది. పిల్లల్లేరు. ఏమైందంటే, కువైట్ నుంచి ఎవరో ఒక పిల్ల చేసి, "పెద్దమ్మా, మా యమ్మను పిలువు, మళ్ళా చేస్తా" అని పెట్టేస్తాదంట. అంతే, ఈమె చెంగు దోపుకోని వీధిలోకొచ్చి అరుస్తాదంట. ఆ గొంతుకి ఎనుములు కూడా నెమరేసేది మానేసి తలెత్తి చూసేవి, నిజ్జంగా చెప్తాండా. రెడ్డెమ్మ పిండి చేతులతోనే పరిగెత్తుకోని వస్తాది, ఎనకాల సగం వీధి వస్తాది. పోన్‌లో మాట్లాడేది ఒకరే అనుకో, ఏడ్చేది మాత్రం అందురూ. పోనీ మాట్లాడినాక ఇండ్లకు పోతారా అంటే పోరు. అరుగు మీద కూచ్చోని, "నా బిడ్డ గొంతు బొంగురు పోయినట్లు లేదా అక్కా" అని ఒకరు, "ఆడ చలిగాలంట లే మే" అని ఇంకొకరు, పొద్దుగూకినాక కూడా కదిలేది లేదంట. ఇంట్లో నేను ఒంటిదాన్ని అనే ఆలోచనకి ఓబుళమ్మకి తీరిక ఉంటే గదా.

ఇంక సెల్లులొచ్చినాయి. మొదట్లో ఇటుకరాయంత ఉండేది, సర్పంచి నడుముకి కట్టుకోని తిరిగేవాడు, మోగేది తక్కువ, చూపిచ్చేది ఎక్కువ. తర్వాత బటన్ల సెల్లు, దానికొక టార్చి లైటు. ఆ టార్చి కోసమే కొన్నోళ్ళు ఉండారు మా ఊర్లో, నవ్వొద్దండి. ఆ తర్వాత ఏలితో రుద్దేవి వచ్చినాయి, బిడ్డ మొగమే దాంట్లో కనపడింది. మంచిదే గదా, ఎవరు కాదంటారు. అయితే ఎవరి పోను వాళ్ళ చేతికొచ్చినాక ఎవరి మూల వాళ్ళు చూసుకున్నారు. ఓబుళమ్మ ఇంట్లో పోను మోగేది తగ్గింది, తగ్గి తగ్గి ఆగిపోయింది. ఆమె దాన్ని ఎత్తి చెవికి పెట్టుకోని చూస్తాదంట. గుయ్యిమంటాది. బాగానే ఉండాది. చెడిపోయుంటే బాగుండు అనుకునిందంట పాపం, ఎవరూ చెయ్యనిదానికి ఒక కారణమన్నా ఉండేది గదా. పొద్దున్నించి ఒక్క మాట పలకకుండానే పొద్దుగూకేది. ఒకనాడు కోడిని అదిలించబోయి, తన గొంతు తానే గుర్తుపట్టలేదంట.

ఇట్ల గాదని సెల్లులమ్మే ఖాదరు అంగడికి పోయి తానూ ఒక బటన్ల సెల్లు తెచ్చుకునింది. ఆ పిల్లోడు మంచోడే. ఈ బటన్ రెడ్డెమ్మ, ఈ బటన్ మల్లక్క అని వీధిలోవాళ్ళ నంబర్లన్నీ ఎక్కిచ్చి ఇచ్చి, "నువ్వు మాట్లాడితే డబ్బులు పడతాయి పెద్దమ్మా. ఊరికే ఒక మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టెయ్, వాళ్ళే చేస్తారు" అన్నాడంట. ఆమె దినామూ పొద్దుగూకే ఏళకి, ముందర జనం అరుగు మీద ఉండే ఏళ అది, ఒక్కొక్క ఇంటికి ఒక రింగిచ్చి పెట్టేసి, సెల్లు ఒళ్ళో పెట్టుకోని కూచ్చునేది. ఆ పక్క నుంచి తిరిగి రింగొస్తాది. ఒకే ఒక రింగు. ఈమె పచ్చ బటన్ ఎతికేలోపల ఆగిపోతాది. రెడ్డెమ్మదీ అంతే, మల్లక్కదీ అంతే. చెయ్యబోతారు, నేను యాడ ఎత్తుతానో, డబ్బులు యాడ పడతాయో అని పెట్టేస్తాండారు అనుకునింది. వీధిలో కనపడి "బాగుండావా పెద్దమ్మా" అంటే "బాగుండా" అంటాది, అంతే. ఇంటికి పోయి అడగొచ్చు గదా అంటారేమో మీరు. పిలిచే మనిషబ్బా ఆమె. జనం ఆమె ఇంటికొచ్చినోళ్ళు. పిలవని గడప ఎట్ల తొక్కుతాది? పొయ్యి ఎలిగిచ్చేది కూడా మానేసింది. ఒక్కదానికి సంగటి కెలికేదేంది అని బొరుగులు నమిలి నీళ్ళు తాగి పండుకునేది.

ఒక సాయంత్రం ఏమైందంటే, రెడ్డెమ్మ మేకపిల్ల తప్పిపోయి ఓబుళమ్మ దొడ్లో దూరింది. దాన్ని పట్టుకునేదానికి రెడ్డెమ్మ వచ్చింది. వస్తానే నగుతా, "ఏం పెద్దమ్మా, అప్పుడే తినేస్తివే" అనింది.

"ఎవరు చెప్పినారు?"

"నువ్వే గదా, ఇప్పుడే రింగిస్తివి."

"రింగిస్తే?"

"ఒక రింగంటే తిన్నా, బాగుండా అని గదా. మా బిడ్డ అంజనమ్మ కువైట్ నుంచి దినామూ ఇస్తాది, పనిలో మాట్లాడే తీరిక ఉండదు గదా. నేనూ తిన్నాలే అని తిరిగి ఒకటి ఇస్తా. మాట్లాడల్లంటే రెండు రింగులు. ఊరంతా అంతే. ఆ పెద్దమ్మ చూడు, ఏళకి తింటాది, ఏ దిగులూ లేదు అని దినామూ అనుకుంటాండాం."

ఓబుళమ్మ సెల్లు అటూ ఇటూ తిప్పి చూసుకునింది. "నాకెవరు చెప్పినారు మే? కువైట్‌లో నాకెవరుండారు?" అనింది మెల్లగా.

"అయితే నువ్విచ్చింది..."

"నువ్వు చేస్తావని."

రెడ్డెమ్మ వంటింట్లోకి తొంగి చూసింది. పొయ్యిలో కోడి పొదుక్కోని కూచ్చోనుండాది. ఎన్నాళ్ళ నుంచి మంట లేకుంటే కోడి పొయ్యిలో గుడ్లు పెడతాది, మీరే చెప్పండి. రెడ్డెమ్మ కోడిని గుడ్లతో సహా గంపలోకి మార్చింది, పొయ్యి ఊడ్చింది, పుల్లలు ఎగేసింది. సెల్లు తీసి మల్లక్కకి రెండు రింగులిచ్చింది, ఇంకా ఒకరిద్దరికి ఇచ్చింది. మల్లక్క తిరిగి చేసి "ఏంది మే" అంటే, "గిన్నె ఎత్తుకోని ఓబుళమ్మ ఇంటికి రా" అని పెట్టేసింది. ఒకరు రాగిపిండి, ఒకరు రోట్లో నూరిన ఊరిబిండి, ఒకరు వంకాయ పులుసు. "ఇంతమంది దండెత్తి వస్తిరి, కూచ్చునేదానికి చాపలు యాడుండాయి మే" అని ఓబుళమ్మ కసురుకుంటా ఉంటే, "మాకు అరుగు లేదా" అనింది మల్లక్క.

అందురూ వరసగా కూచ్చున్నారు. సంగటి ముద్దలు పొగలు కక్కుతాండాయి. ఇంక చెయ్యి పెట్టబోతాండగా రెడ్డెమ్మ సెల్లుకి కువైట్ రింగొచ్చింది, ఒకటి. రెడ్డెమ్మ అలవాటుగా తిరిగి ఇయ్యబోతే ఓబుళమ్మ చెయ్యి పట్టుకునింది. "ఉండు మే. ఇంకా ముద్ద నోట్లో పెట్టలేదు. బిడ్డకి అబద్ధం చెప్పొద్దు" అనిందంట. అందురూ తిన్నాకనే ఇచ్చినారంట ఆ రింగు. అంతసేపు ఆడ ఆ పిల్ల, మా యమ్మ ఇంకా తినలేదేమో అని బెంగ పెట్టుకోనుంటాది. పెట్టుకోనీలే. ఈడ సంగటి సల్లారిపోతాంటే ఎవరాగుతారు.