తాత తాగిన సర్బత్తు

"అవ్వా, నాయన నా గ్లాసు ఎందుకు వాసన చూసి ఇస్తాడు? నా ఫ్రెండ్సు నవ్వతా ఉండారు."

నవ్వనీలే కన్నా, వాళ్ళకేం తెలుసు? అది మీ నాయనకి నాలుగేండ్లప్పుడు పట్టుకున్న అలవాటు. తొంభైల్లో మాట. అప్పుడు పురసవాక్కంలో ఉంటిమి, ఒక్క గది... కాదు కాదు, గదీ వంటిల్లూ. మా మామ, అంటే మీ నాయనకి తాత, మాతోనే ఉండె. మహా పిసినారి, ప్రేమ మాత్రం ధారాళం. ఒక్క ఖాళీ సీసా పారేయనీడు! అప్పట్లో ఫినాయిలు సైకిల్లో తెచ్చి క్యాన్లోంచి పోసేవాడు, సీసా మనమే పట్టాల, తెలుసునా. ఈయన పోయి నన్నారి సర్బత్తు ఖాళీ సీసా పట్టినాడు. పట్టి, సర్బత్తు పెట్టే గూట్లోనే పెట్టినాడు. కంట్లో పొర వేరే.

ఎండాకాలం మధ్యాన్నమైతే మనవడితో సర్బత్తు తాగాల, అది ఆయన వాడుక. మొదటి గుక్క పిల్లోడికి, మిగతాది తనకి. ఆ రోజు టంబ్లరు నిండా కలిపి, నిమ్మకాయ పిండి, గుక్క తాపించినాడు. పిల్లోడు థూ అని ఉమ్మి, ఒకటే ఏడుపు, వాంతి. నేను వంటింట్లోంచి వచ్చి చూస్తే వాడి చొక్కా అంతా ఫినాయిలు కంపు. మామకి సంగతి చెప్పకనే, నేనూ మీ తాతా వాణ్ణెత్తుకుని ఆస్పత్రికి పోతిమి. నేను బేరమాడకుండా ఆటో ఎక్కింది అదే మొదలు.

డాక్టరమ్మ నోరు చూసి, "ఉమ్మేసినాడు, భయం లేదు" అనె. ప్రాణం లేచొచ్చింది. ఆనక అడిగింది, "టంబ్లర్లో మిగిలింది ఏమాయె?"

మామ పారబోసే మనిషి కాదే!

మీ తాతని పిల్లోడి దగ్గర పెట్టి మళ్ళీ ఇంటికి ఉరికితి. మామ గడప కాడ కూచోని ఉండాడు, ఒళ్ళంతా చెమట, మాట ముద్దగా. టంబ్లరు కడిగి బోర్లించుండాది. "పిల్లోడెట్లుండాడు?" అంటాడు. నీకేమైంది మామా అంటే, "నిమ్మకాయ ఎక్కువై కడుపు మండతా ఉంది. పిల్లోడి గొడవలో నాదెందుకులే" అనె. ఎంత వెర్రి చూడు!

పిల్లోడు సాయంత్రానికి ఇడ్లీ తిని ఆడుకునె. మామ మాత్రం రోజులకి రోజులు ఆస్పత్రి మంచంమీద, ముక్కులో ట్యూబు. బతుకుతాడో లేదో అని నేను మొక్కని దేవుడు లేడు. వయసయ్యేకొద్దీ ముక్కూ నాలుకా మొద్దుబారతాయంట, పిల్లోళ్ళు ఉమ్మేది వీళ్ళు మింగేస్తారంట, ఒళ్ళు కూడా తట్టుకోదంట. డాక్టరమ్మే చెప్పింది. పిల్లోడు ఏడ్చినాడు కాబట్టి తెలిసె. ఈయన ఏడవడే!

బతికొచ్చినాడు. వచ్చినాక కాఫీ అయినా, మంచినీళ్ళయినా మనవడు వాసన చూడాల. వాడు పెద్ద ఇన్స్పెక్టర్ మాదిరి గ్లాసులో ముక్కు పెట్టి, "తాగు తాతా" అంటేనే తాగేది. ఎంత నవ్వుకుంటిమో! ఆ రోజులు మళ్ళీ వస్తాయా...

మీ నాయన ప్లస్ టూ చదివేదాకా ఉండె మామ. కడసారి గొంతులో నీళ్ళు పోయమంటే, మీ నాయన, ఇంత మీసం వచ్చినోడు, ఆ నీళ్ళు వాసన చూసినాడమ్మా. చూసి, "తాగు తాతా" అన్నాడు.

సరి, సరి, కండ్లు తుడుచుకో. నూరేండ్లు చల్లగుండు తల్లీ. పో, మీ నాయన పాలు పట్టుకుని నిలబడుండాడు. వాసన చూసే ఉంటాడు, తాగు.