బొమ్మ కింద రెండు ముక్కలు

ఇండోనేషియాలో సోలో పట్నం, బజారు ఆఫీసు. వార్సినాకి చూపు లేదు. బజారులో ఒళ్ళు పట్టి బతుకుతుంది. బల్ల వెనక గుమాస్తా గునార్తో. అక్కడ 'పాక్' అంటే అయ్యా, 'బూ' అంటే అమ్మా.

"కాదు పాక్ గునార్తో, తాళమే మార్చేశారు. నా కొట్టుకి నా తాళంచెవి పట్టడం లేదు."

"అది మీ కొట్టు కాదు బూ ఇప్పుడు. పదిహేనో తారీకులోగా వచ్చి పేరు రాయించుకోకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తామని బజారు వాట్సాప్ గ్రూపులో నోటీసు పెట్టాంగా."

"ఎప్పుడు పెట్టారు?"

"పండగ ముందు. మీరు దాని కింద 'సరే' అని బొటనవేలు గుర్తు కూడా నొక్కారు. ఇదిగో, చూడండి. అయ్యో, మర్చేపోయా."

"అది బొమ్మ కదా పాక్. రాసి పెడితే నా ఫోను చదివి వినిపిస్తుంది. బొమ్మ పెడితే 'బొమ్మ' అని ఊరుకుంటుంది. కింద రెండు ముక్కలు రాయండని కాళ్ళరిగేలా తిరిగానా లేదా?"

"రాశాంగా. మూడు నెలలు రాశాం. 'అందరికీ అందే బజారు' అని ఫేస్‌బుక్‌లో మీ ఫోటో కూడా వేశాం. ఎంతమంది మెచ్చుకున్నారనీ."

"మరెందుకు మానేశారు?"

"మీ చెల్లెలి కూతురే వద్దంది. ఆ కుస్మి. పెద్దమ్మకి నేను చదివి పెడతా, మీకెందుకు శ్రమ అంది. మాకూ హాయి."

"వద్దందా? నాతో అనలేదే."

"ఇంతకీ చదివిందా లేదా?"

"చదివింది. పండగ శుభాకాంక్షలు అంది. అందరూ నొక్కారు, నువ్వు నొక్కకపోతే బాగోదు అంది. నొక్కా."

"బాగుంది."

"నవ్వకండి. పిల్ల, ఏదో పొరబడి ఉంటుంది. వాళ్ళమ్మ పోయాక నేనే పెంచా దాన్ని."

"అలాగే అనుకోండి."

"పోనీ, కొట్టు ఎవరికిచ్చారు? అది చెప్పండి. ఆ మంచం, ఆ నాలుగు గజాల చోటు లేకపోతే నాకు అన్నం లేదు."

"చెబితే ఏం చేస్తారు?"

"కాళ్ళు పట్టుకుంటా."

"అయితే పట్టుకోండి. ఎదురు కుర్చీలోనే ఉంది. మీరొచ్చినప్పట్నుంచీ ఇక్కడే కూర్చుంది."

"ఎవరమ్మా? మాట్లాడవేం? తల్లీ, నా పొట్ట కొట్టకమ్మా. ఇదిగో, వంగి పట్టుకుంటున్నా, నీ పాదాలు... ఈ మడమ... ఆగు. ఈ మడమ విరిగితే ఏడాది పాటు రోజూ నూనె రాసి పట్టింది నేనే. కుస్మీ?"

"వదులు పెద్దమ్మా. జనం చూస్తున్నారు."