బాల్కనీలో పన్నెండు క్యాన్లు

కూర్చో గోపీకృష్ణా. రేపట్నుంచి రెండ్రోజులు నీళ్లు రావని గేటు దగ్గర నోటీసు చూసి బెంగపడ్డావా? ఈ మల్లికార్జున అంకుల్ ఉండగా, ఢిల్లీ అంతా ఎండినా ఆర్.కె. పురంలో ఎవరి గొంతూ ఎండదు. భయ్యా, తీన్ చాయ్, అద్రక్ జ్యాదా! అల్లం ఘాటుగా తగలాలి. జనార్దనరావు గారూ, మీరు క్వార్టర్స్‌లోకి దిగి నెలే కదా, మీకు తెలీదు. పోయిన జూన్‌లో పెద్ద పైపు పగిలి, మూడ్రోజులు కొళాయిల్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు మా బ్లాకు ఎలా బతికిందో అడగండి.

"ఎలా బతికిందండీ?"

అలా అడగాలి. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు గానీ, ముందుచూపు మాత్రం ఎక్కువ. ఏప్రిల్లోనే ఇరవై లీటర్ల తెల్ల క్యాన్లు పన్నెండు కొన్నాను. కడిగి, ఫిల్టర్ నీళ్లు పట్టి, మూతలు బిగించి, ఒక్కోదాని మీదా ఎర్ర స్కెచ్ పెన్నుతో 'ఏప్రిల్ 12' అని రాశాను. ముప్ఫయ్యేళ్లు ఫైళ్ల మీద తేదీలు వేసిన చెయ్యి కదండీ, నీళ్లనైనా తేదీ వెయ్యకుండా వదల్దు. బాల్కనీలో వరసగా నిలబెడితే రోడ్డు మీదికి కనబడేవి. మా ఛాయాదేవి "ఎండలో ఎందుకండీ, లోపల పెట్టండి" అంది. "లోపల పెడితే పదిమందీ ఎలా చూస్తారే?" అన్నాను.

"పన్నెండు క్యాన్లతో బ్లాకంతా మూడ్రోజులా అంకుల్?"

పన్నెండుతో ఆగానని ఎవరన్నారు గోపీ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేతికి అలవాటైపోయి నలభై చేశాను. రెండో రోజు పొద్దున్నకి మా మెట్ల నిండా జనం, బిందెలు, బకెట్లు, ప్రెషర్ కుక్కర్లు పట్టుకుని. పై అంతస్తు రామమోహనరావు, ఇప్పుడు భోపాల్ బదిలీ అయిపోయాడులే, ఆయనైతే గడ్డం గీసుకునే మగ్గు పట్టుకొచ్చాడు. అందరికీ పోశాను, ఎవర్నీ ఖాళీ చేతుల్తో... అరె, సైమన్! రావయ్యా, ఎన్నాళ్లకి! జనార్దనరావు గారూ, ఇతను మా కింది వాటాలో ఉండేవాడు. ఇతనూ, భార్య అనుగ్రహా ఇద్దరూ ఆస్పత్రిలోనే పని. ఇప్పుడు పక్క సెక్టారుకి మారారు. భయ్యా, ఏక్ ఔర్!

"చెప్పండి అంకుల్, నేనూ వింటాను."

ఏం చెప్తున్నాను... ఆఁ, నలభై కాదు, నాలుగొందల క్యాన్లు. మంచం కింద క్యాన్లు, మంచం మీద క్యాన్లు, మేం పడుకునేది క్యాన్ల మీదే. మూడో రోజు నీళ్ల ట్యాంకర్ వస్తే జనం పైపులు పట్టుకుని పరిగెత్తారు. ఆ ట్యాంకర్ వాడు దిగి నాకు దండం పెట్టి, "సర్‌జీ, నాదే ఖాళీ, మీ బాల్కనీ నుంచి కాస్త నింపండి" అన్నాడు. నింపాను. అది చూసి ఫైరింజన్ వచ్చింది, దానికీ నింపాను. సెక్టార్లో నెమళ్లన్నీ మా రెయిలింగ్ మీదే కాపురం. ఇంకా మిగిలితే కాలవలోకి వదిలాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? యమున మట్టం కొలిచే ఆయన ఫోన్! "సార్, మీరు ఆపకపోతే ఢిల్లీకి వరదొస్తుంది" అని. నవ్వండి, నవ్వండి!

"అంకుల్, బ్లాకులో నిజంగా అందరికీ ఇచ్చారా?"

అందరికీ సైమన్. గడప గడపకీ.

"మరి మాకెందుకు ఇవ్వలేదు?"

మీకా... అంటే, ఆ రోజు...

"రెండో రోజు పొద్దున పాపకి పాలపొడి కలపడానికి సీసాడు నీళ్లడిగాను. మీరు తలుపు జానెడు తీసి, 'అందరికీ పంచేశాను సైమన్, అయిపోయాయి' అన్నారు. మీ వెనక బాల్కనీలో దుప్పటి కింద క్యాన్ల మూతలు ఉబ్బెత్తుగా కనబడుతూనే ఉన్నాయి. అనుగ్రహ డ్యూటీ నుంచి బాటిల్ తెచ్చేదాకా పాప ఏడుస్తూనే ఉంది. మా అమ్మ, 'మనమని ఇవ్వలేదేమో రా' అంది. చిన్నప్పుడు ఊళ్లో ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగిన మనిషి అంకుల్. ఢిల్లీలో అలా ఉండదమ్మా అన్నాను. మిగతావాళ్లకి ఇచ్చారో లేదో అడగడానికి మాత్రం సిగ్గేసింది. ఇవాళ మీరే చెప్తున్నారు, గడప గడపకీ ఇచ్చానని."

గోపీ, నవ్వు ఆపు. సైమన్, లేవకు, కూర్చో.

ఎవరికీ ఇవ్వలేదయ్యా. రామమోహనరావు రాలేదు, మెట్ల మీద జనం లేరు, ట్యాంకర్ వాడూ లేడు. ఉన్నవి పన్నెండే. రెండు నెలలు ఎండలో నిలబెట్టాను కదా, ఆ రోజు పొద్దున్న చూస్తే నీళ్లు పచ్చగా, లోపలంతా నాచు. పైనున్న ధూళి తుడవడం తప్ప ఒక్కసారీ మార్చలేదు. ఛాయాదేవి దుప్పటి తెచ్చి కప్పింది. అప్పుడే నువ్వు తలుపు కొట్టావు. పాడైపోయాయని చెప్పడానికి నోరు రాలేదు. వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిన క్యాన్లవి. పంచేశానన్నాను. ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోడానికే ఏడాదిగా ఈ బెంచీ మీద ఊళ్లోవాళ్లందరికీ నీళ్లు పోస్తున్నాను. అక్కడ మీ అమ్మగారు ఆ మాట అనుకుంటున్నారని నాకేం తెలుసు? నీ మొహంలోకి చూడలేకపోతున్నాను సైమన్. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"ఇది కూడా కోతేనా అంకుల్?"

అడగాల్సిన మాటే. నేనే అయినా నన్ను నమ్మను. కానీ ఒక క్యాన్ ఉంది. పదకొండు ఎవరూ చూడకుండా బాత్రూంలో పారబోశాను. పన్నెండోది ఎత్తబోతే నడుం పట్టేసింది, దుప్పటి కింద అలాగే ఉండిపోయింది. దాని మీద తేదీ కూడా ఉంది. జనార్దనరావు గారూ, నన్ను నమ్ముకుని కూర్చోకండి. రేపటి నీళ్లు ఇవాళే పట్టుకోండి, నీడలో పెట్టుకోండి. సైమన్, అమ్మగారు ఇంట్లోనే ఉన్నారా?

"ఉంది."

పద. క్యాన్ నేనే మోస్తాను. నడుం సంగతి వదిలెయ్, నువ్వు చెయ్యి వెయ్యొద్దు. మీ గుమ్మం ముందు దించి, మూత తీసి, ఆవిడ్నే చూడమంటాను.