ఆఖరి పెనం

ఏమన్నావ్? మళ్ళీ అను. పొద్దుట్నించీ ఏమీ తినలేదు కాబట్టి సూది అక్కర్లేదంటావా? ఇలా రా యూరానీ, ఆ పీట లాక్కుని కూర్చో. కూర్చోమంటే కూర్చోవే! మొన్న ఆసుపత్రినించి వచ్చినదానివి, అప్పుడే డాక్టరమ్మవైపోయావు. ఆ చక్కెర మెషీన్లో అంకె బాగుందా? బాగుంటే సంతోషం. అంకె బాగుందనే నేను మీ అమ్మమ్మని చంపబోయాను. ఆఁ, నేనే. అలా గుడ్లప్పగించి చూడకు, చెప్తున్నాగా. ముందు ఓబ్దులియమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ ఫోటో మనింట్లో ఒక్కటి కూడా లేదు. మేరీమాత పటం పక్కన ఉండాల్సిన మనిషి.

ఓబ్దులియమ్మ కొండ కింద ఆసుపత్రిలో నర్సు. పొట్టిగా, గుండ్రంగా ఉండేది, గొంతు మాత్రం కంచుగంట. నర్సయితే ఏం, గానుగ పిల్లే. వాళ్ళ నాన్న జీవితమంతా పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసి, కనుబొమలు కాల్చుకుని పోయాడు. నేనప్పుడు క్విరోగాల బెల్లం గానుగలో పాకం మేస్త్రిని. ఇరవై ఏడేళ్ళవాణ్ణి, తల పొగరు గురించి అడక్కు. నీకు ఇప్పుడన్నీ మోటార్లు, నీకేం తెలుసు గానీ, అప్పుడు ఒకే పొయ్యి మీద వరసగా ఆరు పెనాలు. ఒక్కటే మంట అన్నిటి కిందనించీ పాకుతుంది. మొదటి పెనంలో పచ్చి రసం, ఆఖరిదాంట్లో పాకం. వేళ్ళు నీళ్ళలో ముంచి ఉడుకుతున్న పాకాన్ని చటుక్కున ముట్టుకుని "దింపండ్రా" అనేవాణ్ణి. నా మాటకి ఎదురు లేదు. క్విరోగా పెద్దాయన తన పెళ్ళాం మాటైనా తీసేసేవాడు గానీ నా మాట తీసేవాడు కాదు. ఆవిడ కూడా ఒకసారి... సర్లే, అది వేరే కథ.

మీ అమ్మమ్మ రోసల్బాకి, అదే నా చెల్లెలికి, అప్పుడు ఇరవై. అప్పటికి రెండేళ్ళుగా చక్కెర జబ్బుకి సూది వేసుకుంటోంది. కోతల రోజుల్లో కడుపులో వికారం మొదలైంది, ముద్ద దిగడం లేదు. "అన్నా, సూది వేసుకోనా?" అని అడిగింది నన్ను. నేనేమన్నానో తెలుసా? ఇప్పుడు నువ్వన్న మాటే. తిననిదానికి సూది దేనికే, దండగ అన్నాను. ఇక మా అమ్మ సంగతి చెప్పాలా? మన ఇళ్ళలో జలుబు చేస్తే బెల్లం నీళ్ళు, బాలింతకి బెల్లం నీళ్ళు, ఏడ్చినా బెల్లం నీళ్ళే. అది దాహం దాహం అంటోంది, అమ్మ "తాగు నా తల్లే, తాగు" అని చెంబు చెంబూ పోస్తోంది. మూడోరోజు పొద్దున గదిలోకి వెళ్తే వాసన కొట్టింది. రాత్రంతా పెనంలో వదిలేసిన చెరకు రసం పులిస్తే ఎలా ఉంటుందో, అది దాని నోట్లోంచి. కొండెక్కొచ్చినదానిలా ఊపిరి ఎగబీలుస్తోంది. పిలిస్తే "ఊఁ" అని కూడా అనదు. బెల్లం పెట్టెలు మోసే లారీలో పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకుని దింపుకొచ్చాను. దారంతా ఒకటే, ఊపిరి ఆగుతుందేమో అని దాని ముక్కు దగ్గర చెయ్యి.

డాక్టరు నన్ను వార్డంతా వినేలా తిట్టాడు. "సూది మానిపించి బెల్లం నీళ్ళు పోశావా? విషం పోసినట్టే కదయ్యా!" అన్నాడు. ఓబ్దులియమ్మ మాత్రం తిట్టలేదు, తిట్టే తీరికేదీ? ఒక చేతికి ఉప్పు నీళ్ళ సీసా, గంటగంటకీ కండకి సూది. దాని మూత్రంలో ఓ కాగితం ముక్క ముంచి వెలుగులో పెట్టి చూసేది. కాగితం ఊదారంగు, వంకాయ తొక్కంత ఊదా. "ఇది తెల్లబడాలి మేస్త్రీ. ఒంట్లో పులుపు చేరింది, అది పోవాలి" అనేది. నేను ఆ కాగితాల వంకే చూస్తూ కూర్చున్నాను, ఇంకో పని లేదు నాకు.

మర్నాడు మధ్యాహ్నానికి మీ అమ్మమ్మ కళ్ళు తెరిచింది. "ఇవాళ ఏ వారం అన్నా?" అంది. నేను ఏడ్చాను, సిగ్గెందుకు. డాక్టరు వచ్చి చూసి, "చక్కెర బాగా దిగింది" అని వెళ్ళిపోయాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. జేబులో బెల్లం ముక్క ఉంటే కొరుక్కున్నాను కూడా, రెండ్రోజుల ఆకలి. అప్పుడొచ్చింది ఓబ్దులియమ్మ, కొత్త సీసా ఒకటి తగిలించి గొట్టం కలిపింది. ఏమిటమ్మా అది అంటే, "చక్కెర నీళ్ళు" అని పక్క మంచం దగ్గరికి ఉరికింది, అక్కడ ముసలామె పడిపోతోందని. వింటున్నావా? చక్కెర నీళ్ళట! నిన్న నన్ను విషం పోశావన్నవాళ్ళే ఇవాళ రక్తంలోకి చక్కెర ఎక్కిస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. అడగొచ్చుగా? అడిగితే మేస్త్రీనెలా అవుతాను! ఎవరూ చూడకుండా గొట్టం మీదున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో చివరిదాకా తిప్పేశాను. చుక్క ఆగిపోయింది. ఓబ్దులియమ్మ వచ్చి గంట సూది వేసి, నాడి చూసి, పిలుపొస్తే పరిగెత్తింది. చుక్క సంగతి చూడలేదు. చెల్లెల్ని కాపాడానని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను నేను.

ఇంకో గంట కాలేదు. దాని నుదుటి మీద చెమట, చల్లటి చెమట, దిండు తడిసిపోయింది. చేతులు వణికాయి. "రోసా" అంటే నన్నెవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది, అంతే, కళ్ళు పైకి తిరిగిపోయి ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలెట్టింది. నా అరుపుకి ఓబ్దులియమ్మ ఊడిపడింది. ఒక్క చూపు దాని మొహం, ఒక్క చూపు సీసా. పెద్ద సిరంజీతో చక్కెర మందు నరంలోకి ఎక్కిస్తూ "రా తల్లీ, రా, రా" అని పిలిచింది. ఆ రెండు మూడు నిమిషాలు... నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. దేవుడా, దీని బదులు నన్ను తీసుకుపో అన్నాను. నిజంగానే అన్నాను. చివరికి అది పెద్దగా ఊపిరి పీల్చి ఏడుపు మొదలెట్టింది. అంత కమ్మని ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

అప్పటికి డాక్టరు వచ్చాడు. "ఈ సీసా ఎవరు కట్టేశారు?" అన్నాడు. ఓబ్దులియమ్మ ఆ చక్రం మీద వేలు పెట్టింది. వేలికి అంటుకుంది, బెల్లం జిగురు. నా బొటనవేలి వంక చూసింది. చూసి, ఏప్రన్‌తో ఆ చక్రాన్ని తుడిచేసి, "నేనే డాక్టరుగారూ. తిప్పడం మరిచాను" అంది.

ఆయన వెళ్ళాక నా చొక్కా పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. "ఆఖరి పెనంలో పాకం మాడబోతే ఏం చేస్తావురా?" అంది. అప్పటిదాకా మేస్త్రీ అన్న మనిషి రా అంది. "చల్లటి రసం పోస్తాను" అన్నాను. "పొయ్యి ఆర్పవూ?" "ఆర్పితే వెనక పెనాల్లో రసం పులిసిపోదూ?" ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, వచ్చాక అర్థమైంది. ఆవిడ జేబులోంచి కాగితం తీసి నా మొహం మీద పెట్టింది. ఇంకా ఊదాగానే ఉంది. "చక్కెర ఆఖరి పెనం. అది దిగిందని సూది ఆపితే పులుపు పోదు. సూది నడవాలంటే చక్కెర పొయ్యాలి. ఇప్పుడు నిన్ను గెంటిస్తే దాని పక్కన కూర్చునేవాడు లేడు, అందుకని నోరు మూసుకున్నాను. పో, ఆ చుక్క లెక్కపెడుతూ కూర్చో" అంది. కూర్చున్నాను తల్లీ. మర్నాటికి కాగితం తెల్లబడేదాకా లేవలేదు.

ఓబ్దులియమ్మని ఆ తప్పుకి నదవతల కొండమీది మందుల గదికి మార్చేశారు. గాడిద మీద వెళ్ళే దారి. నాలుగేళ్ళు అక్కడే. ఏటా మొదటి పాకం అచ్చు పట్టుకెళ్ళి ఇచ్చేవాణ్ణి, తీసుకునేది, ఆ ఊసెత్తేది కాదు. ఆవిడ పోయినప్పుడు తొమ్మిది రోజుల జపమాల ప్రార్థనకీ వెళ్ళాను. రోజూ ఇవాళ వాళ్ళ పిల్లలకి చెప్పేద్దాం అనుకోవడం, కాఫీ తాగి వచ్చేయడం.

మీ అమ్మమ్మ ఆ తర్వాత ముప్ఫై ఆరేళ్ళు బతికింది. మీ అమ్మని కంది, నిన్ను ఎత్తుకుంది. పండగపూట అందరం చేరితే చాలు, మొదలెట్టేది, "ఆ మతిమరుపు నర్సు నన్ను చంపబోయిందిగా, మా అన్న అరవబట్టి బతికాను" అని. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

...

ఏం లేదులే. ఆ కోడిని బయటికి తోలు, వంటింట్లోకి దూరుతోంది. తోలి, డాక్టరు రాసిన కాగితం తీసుకురా. సూది కూడా.