తిమ్మయ్య రాసిన పేర్లు

నలభై మూడు. మా తిమ్మయ్య కాడ మొదట ఉన్న లెక్క అది. డబ్బు కాదే పుష్పవల్లీ, పేర్లు. నీకు ఇంటి ముందు కారుంది, ఓటేసే స్కూలు రెండు వీధుల అవతలుంది, అయినా ఎండ అంటున్నావు. కూకో, టీ తాగి ఎల్దువు గాని. అప్పుడు ఈ తెలుక్ ఇంటాన్‌ని తెలుక్ ఆన్సన్ అనేవోరు. మేముండేది అవతల కొబ్బరి ఎస్టేట్లో. కూలి లైన్లలో, అంటే మా వరస ఇళ్లలో, పెద్దోళ్లం రెండొందల పన్నెండు మందిమి, ఓటరు కాయితంలోకి ఎక్కినోళ్లం నలభై మూడు. ఐదో వంతురా అచ్చయ్యా అని, పెన్సిలు పట్టకుండానే సెప్పేసినాడు నాకు. ఎస్టేట్లో కాయలు లెక్కెట్టే గుమస్తా, కిరాణి కదా. గుట్ట సూసి మూడు వేలు అన్నాడంటే, పోసి సూస్తే పదో పన్నెండో తేడా, అంతే. ఆ నలభై మూడూ ఊరికే రాలేదు. ఎవుడు ఎక్కడ పుట్టినాడు, ఎవుడి అమ్మ ఎక్కడ పుట్టింది అని గుమ్మం గుమ్మం తిరిగి, ఫారాలు నింపి, సైకిలు మీద టౌనుకి పట్టుకెళ్లి ఇచ్చినాడు. ఒక్క పైసా అడగలేదు. అందరికీ అదే అనుమానం.

ఏ సంవత్సరమంటావా, యాభై ఐదు. మెర్డేకా, అదే మన స్వతంత్రం, రావడానికి ఇంకా రెండేళ్లుంది. అడివిలో కమ్యూనిస్టులతో తెల్లోళ్ల పోరు, దాన్నే ఎమర్జెన్సీ అనేవోరు. లైన్ల సుట్టూ ముళ్లకంచె, గేటు కాడ పోలీసు, బియ్యం కొలిసి ఇచ్చేవోరు. అడివిలో ఉన్నోళ్లకి బియ్యం పంపుతున్నావా అని ఒకడడుగుతాడు, పోలీసుకి కబురు మోస్తున్నావా అని ఇంకొకడు. ఎవుడికి భయపడాలో తెలీదు లా. అలాంటప్పుడు ఓట్ల రోజు, బుధవారం పొద్దున్నే, మమ్మల్ని ఓటుకి తీసుకెళ్లడానికి తిమ్మయ్య లారీ తీసుకొచ్చి లైన్ల మధ్యలో ఆపించి, కాయితం తీసి పేర్లు సదివినాడు. ఒక్కడు రాలేదు. నా పేరూ సదివినాడు. నేను తలుపెనకాల నిలబడ్డాను, సిగ్గేటి సెప్పడానికి. డ్రైవరు మునియాండి తమిళపోడు, ఆడికి తొందర. ‘ఏంబా తిమ్మయ్యా, ఆళుంగ వరువాంగళా, ఇల్లే నాన్ కొప్రా ఏత్తట్టుమా?’ అంటాడు, జనం వస్తారా, లేకపోతే ఎండు కొబ్బరి ఎక్కించుకోనా అని. తిమ్మయ్య పెళ్లాం దేవకి గుమ్మంలోంచే అంది, ‘మళ్లీ నీ రాతేనా?’ అని. గట్టిగా కూడా అనలేదు. తిమ్మయ్య కాయితం మడతెట్టి మళ్లీ ఇప్పడం నేను సందులోంచి సూసినాను.

మళ్లీ అంటే ఏటంటే, ఏడేళ్ల ముందు కూడా ఒక లారీ వచ్చింది. ఒక కాయితం, అందులో పేర్లు. ఆ కాయితం పోలీసోళ్లు రాసింది కాదు, తిమ్మయ్య రాసిందే. కూలోళ్ల సంఘం పెట్టినప్పుడు సేరినోళ్ల పేర్లు రాయమంటే రాసినాడు, దస్తూరి బాగుంటుందని. మనోళ్ల పెళ్లిలో సదివింపులు ఎలా రాస్తారు? మేనమామ పేరు పైన, పెద్ద అక్షరాల్లో, ఆ తరవాతే మిగతా లోకం. ఆడికి జాబితా అంటే అదే అలవాటు. తన పిల్లలకి మేనమామ దొరసామి, దేవకికి అన్న. ఆ పేరు ఎత్తి పైన రాసినాడు, కింద గీత కూడా కొట్టినాడు. దొరసామికి సంఘం అంటే ఏటో సరిగ్గా తెలీదు, బావ అడిగినాడని ఊ అన్నాడంతే. ఎమర్జెన్సీ వచ్చినాక ఆ కాయితం పోలీసోళ్లకి దొరికింది. సంఘమంటే అడివిలో ఉన్నోళ్ల మనుషులే అని, పైన పేరున్నోడే పెద్ద అనుకున్నారు. లారీ ఎక్కించినారు, క్యాంపులో పెట్టినారు, తరవాత ఓడ ఎక్కించి ఇండియా పంపేసినారు. ఇక్కడ పుట్టినోడు, ఆ దేశం ఎప్పుడు సూసినాడని? విశాఖపట్నం నుంచి ఒకటే ఉత్తరం వచ్చింది, నా మాట ఇని ఇక్కడోళ్లు నవ్వుతున్నారు అని. కాయితం కింద రాసినోడి పేరు లేదు, అందుకని తిమ్మయ్యని ఎవుడూ అడగలేదు. లైన్లలో అందరికీ తెలుసు. ఎవుడూ అనలేదు. ఆ అనకపోవడమే ఆడిని తినేసింది.

ఎక్కడున్నాం? ఆ, లారీ. అప్పుడు ఆడి అత్త నూకమ్మ బయటికొచ్చింది, దొరసామి తల్లి. తల దువ్వుకుని, ఉతికిన సీర కట్టుకుని. ‘బాబూ, ఆ కాయితం నా గుమ్మంలోనే కూకుని రాసినావు. టీ నేనే ఇచ్చినాను. నా కొడుకు పేరు పైన రాస్తే నాకూ గొప్పగానే ఉండింది. ఇప్పుడు నా పేరు సదువు,’ అంది. సదివినాడు. రెండోసారి ఇంకా గట్టిగా సదివినాడు. ముసిల్ది సక్రం మీద కాలేసి ఎక్కేసింది. ఆవిడ ఎక్కినాక మేమెలా ఆగుతాం? నలభై ఒక్క మందిమి ఎక్కినాం, ఇద్దరు రాలేదు. మలుపు కాడ ఎడమకి తిరిగితే పోలీసు స్టేషను, కుడికి తిరిగితే స్కూలు. కుడికి తిరిగింది. నూకమ్మ లోపలికెళ్లి గుర్తేసి వచ్చి, ఇంతేనా అంది.

తరవాత ఫలితాలు రేడియోలో సెప్పినారు. దేశం మొత్తం యాభై రెండు సీట్లు, యాభై ఒకటి ఒకే కూటమికి. ఆ పోయిన ఒక్కటీ మన పేరాక్ రాష్ట్రంలోనే, పైన క్రియాన్ వైపు. తేడా ఐదొందలు కూడా లేదు. మా లాంటి లైన్లు పన్నెండుంటే అటుదిటైపోను అని గంతులేసినాడు తిమ్మయ్య. ఇంక ఓటు లేనోళ్ల కాయితాలు పట్టాలని, ఎక్కినోళ్ల ఫారాల నకళ్లు ముందేసుకుని సూస్తున్నాడు. అందులో నూకమ్మది. పుట్టింది ఇక్కడ. మొగుడు, సచ్చిపోయినోడు, ఆయనా ఇక్కడే. దొరసామీ ఇక్కడే. తల్లీ తండ్రీ కొడుకూ ముగ్గురూ ఇక్కడ పుడితే ఆడు ఈ దేశపోడు కదా, ఆడిని ఓడ ఎలా ఎక్కించినారు? ఏడేళ్లు కళ్ల ముందున్న లెక్క. ఇదంతా సచ్చిపోయే ముందు ఆడే నాకు సెప్పినాడు. కాయితం సేతిలో పట్టుకుని అలాగే కూకుండిపోయినాడంట, అన్నం పెడితే తినలేదంట.

దొరసామిని తిరిగి రానివ్వమని అర్జీ రాసినాడు. ఆ పేరు పైన ఎందుకుందో సెప్పాలి కదా, సెబితే రాసిందెవుడో సెప్పాలి. రాసినోడిని పట్టుకెళ్లడానికి క్యాంపు తలుపులు ఇంకా తెరిసే ఉన్నాయి. బస్సు కాడ దేవకి సంచి అందించి, ‘అన్న రాకపోయినా నువ్వు రా,’ అంది. టౌన్లో ఆఫీసు బయట బెంచీ మీద పొద్దుటి నుంచి కూకోబెట్టినారు. పన్నెండున్నరకి లోపలినుంచి ఎవుడో అడిగినాడంట, అర్జీ రాసినోడెవుడు అని. తిమ్మయ్య సొక్కా గుండీ పెట్టుకుని లేచి, తలుపు మీద సెయ్యేసి, ‘రెండు కాయితాలూ రాసింది నేనే,’ అన్నాడంట.

ఏటే అలా సూస్తావు. లే, స్కూలు కాడ లైను పెరిగిపోతాది. నీ కార్డు తీసుకున్నావా?